పేరు ఆమెది, పద్దు ఎవరిది?

మన భాషలో ఆడవాళ్ల చేతికొచ్చే సొమ్ముకి ఎన్ని పేర్లున్నాయో! స్త్రీధనం, అరణం, సారె, పసుపు కుంకుమ, ఆడపడుచు లాంఛనాలు, మనోవర్తి, భరణం. పోపులడబ్బాలో దాచుకున్న చిల్లర సంగతి సరేసరి. మగవాడి డబ్బుకి ఇన్ని పేర్లు అక్కర్లేదు. అది ఉత్త డబ్బే, లేదంటే ఆస్తి. అయినా పెళ్లయిన ఆడమనిషిని "నీకంటూ ఎంతుంది?" అని అడిగితే వెంటనే అంకె చెప్పగలిగేవాళ్లు తక్కువ. పాతికేళ్లు ఉద్యోగం చేసినవాళ్లు కూడా "అవన్నీ ఆయనే చూసుకుంటారు" అంటారు. అలా అన్నవాళ్లలో కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే నా స్నేహితురాలు కూడా ఉంది.

ఆ మాట పట్టుకునే నేను స్మృతులూ, చట్టాలూ, కోర్టు తీర్పులూ తిరగేయడం మొదలుపెట్టాను. ఆడవాళ్లకి ఆస్తిహక్కు లేకపోబట్టే ఈ పరిస్థితి అని మనం అలవాటుగా అనుకుంటాం. చదివినకొద్దీ నాకు మరో సంగతి కనిపించింది. ఏదో ఒక రూపంలో, ఏదో ఒక పేరుతో హక్కు ఉంటూనే వచ్చింది. లేనిది పద్దు. అంటే, ఆ సొమ్ము ఎంత, ఎక్కడుంది, ఎవరు వాడారు, తిరిగి ఇచ్చారా అని రాసుకుని అడగగలిగే అధికారం. ఆస్తి ఎవరిదో శాస్త్రాలూ చట్టాలూ చెప్తూ వచ్చాయి. పద్దు ఎవరి చేతిలో ఉండాలో మాత్రం పెళ్లి నిర్ణయించింది.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం స్త్రీధనాన్ని ఆరు రకాలుగా లెక్కపెడుతుంది. పెళ్లిలో అగ్ని ముందు ఇచ్చింది, అత్తారింటికి పంపేటప్పుడు ఇచ్చింది, ప్రేమతో ఇచ్చింది, తల్లి, తండ్రి, అన్నదమ్ములు ఇచ్చినవి. అదే పుస్తకం ఎనిమిదో అధ్యాయంలో భార్యకీ, కొడుక్కీ, దాసుడికీ సొంత ధనం లేదనీ, వాళ్లు సంపాదించింది వాళ్లెవరికి చెందితే వారిదేననీ ఉంది. కాత్యాయనుడు ఈ గీతని ఇంకా స్పష్టంగా గీశాడు. చేతిపనితో ఆమె సంపాదించిందీ, పరాయివాళ్లు ఇష్టపడి ఇచ్చిందీ భర్త అధీనంలో ఉంటాయి, మిగిలిందే స్త్రీధనం అన్నాడు.

ఈ గీత దగ్గర మనం కాసేపు ఆగాలి. ఆమెకి ఒకరు ఇచ్చింది ఆమెది. ఆమె కష్టపడి సంపాదించింది అతనిది. అంటే స్త్రీకి ఆస్తి ఉండొచ్చు గానీ అది ఎవరో దయతలచి పెట్టిందై ఉండాలి. ఆమె శ్రమకి ప్రతిఫలమై ఉండకూడదు. ఇక యాజ్ఞవల్క్యుడు ఇచ్చిన వెసులుబాటు చూడండి. కరువొచ్చినా, ధర్మకార్యం చేయాలన్నా, జబ్బు చేసినా, చెరలో పడినా భర్త భార్య ధనం వాడుకోవచ్చు, తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఏది ఆపదో తేల్చేది కూడా అతనే కదా! బోరు వేయడానికీ, ఆడపడుచు పెళ్లికీ, దెబ్బతిన్న వ్యాపారానికీ బీరువాలోంచి బ్యాంకు తాకట్టుకి వెళ్లిన మన నగల వెనక ఈ పాత వెసులుబాటే ఉంది.

శాస్త్రాల్లో అందరూ ఒకే మాట అనలేదు. కల్యాణి చాళుక్యుల కొలువులో మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు స్త్రీధనం అర్థాన్ని బాగా విస్తరించాడు. వారసత్వంగా వచ్చింది, కొనుక్కున్నది, పంపకంలో దక్కింది కూడా స్త్రీధనమే అన్నాడు. 13వ శతాబ్దంలో కేతన దీన్ని 'విజ్ఞానేశ్వరీయం'గా తెలుగులోకి తెచ్చాడు. ధర్మశాస్త్రం తెలుగులో చదువుకోగలిగిన తొలితరానికి అందింది ఈ ఉదారమైన సంప్రదాయమే. కానీ బ్రిటిష్ కాలంలో ప్రీవీ కౌన్సిల్ ఈ విస్తృతార్థాన్ని ఒప్పుకోలేదు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద ఆమెకి పరిమిత హక్కే అని తేల్చింది. బతికున్నన్నాళ్లూ పంట తినొచ్చు, గట్టి అవసరం ఉందని రుజువు చేయకుండా అమ్మకూడదు, ఆమె పోయాక ఆస్తి చివరి మగ యజమాని వారసులకి వెళ్లిపోతుంది. వితంతువు తన పొలానికి తనే కాపలాదారయింది. ఆధునికత వలసపాలనతో పాటే వచ్చి స్త్రీలని ఉద్ధరించిందని చెప్పే చరిత్రలో ఈ పేజీ సాధారణంగా కనపడదు.

ఇంకో సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆస్తి తన పేరున పెట్టుకుని, తనే అనుభవించి, కూతురికి అప్పగించగలిగిన స్త్రీలు ఉన్నారు. వాళ్లు కళావంతులు, దేవదాసీలు. వాళ్ల జీవితాల్లోని దోపిడీని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ పెళ్లి అనే ఏర్పాటుకి బయట ఉన్న స్త్రీకి ఉన్న ఆర్థిక అస్తిత్వం పెళ్లిలో ఉన్న స్త్రీకి లేకపోవడం యాదృచ్ఛికం కాదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చినప్పుడు ఆ స్త్రీలకి చూపించిన గౌరవప్రదమైన దారి పెళ్లి. ఆ దారిలో నడిచినవాళ్లు గౌరవంతో పాటు పరిమిత హక్కుని కూడా నెత్తికెత్తుకోవాల్సి వచ్చింది.

పెళ్లిలో డబ్బు చేతులు మారినప్పుడల్లా ఆడపిల్ల ఆ డబ్బుకి కారణమవుతుంది తప్ప యజమాని కాదు. కన్యాశుల్కం రోజుల్లో వరుడి వైపు నుంచి డబ్బు తండ్రికి చేరేది. గురజాడ 1897లో తన నాటకానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక జాబితా ప్రస్తావిస్తాడు. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్క వేయిస్తే 1,034 తేలాయి. ఏడాది నిండిన పసిపిల్లలు కూడా అందులో ఉన్నారు. తర్వాత గాలి తిరిగింది. ఇంగ్లీషు చదువులూ ఉద్యోగాలూ వచ్చాక డబ్బు అటునుంచి ఇటు రావడం మానేసి ఇటునుంచి అటు పోవడం మొదలైంది. శుల్కం కట్నమైంది. దిశ మారినా ఒక్కటి మారలేదు. ఆ డబ్బు మామగారి చేతిలోంచి మామగారి చేతిలోకి వెళ్తుంది, మధ్యలో పిల్ల తలవంచుకుని కూచుంటుంది.

విచిత్రమేమిటంటే చట్టం ప్రకారం కట్నం పెళ్లికూతురిదే. కేంద్రం 1961లో వరకట్న నిషేధ చట్టం తేవడానికి మూడేళ్ల ముందే, 1958లో, ఆంధ్రప్రదేశ్‌కి తన సొంత చట్టం ఉంది. 1961 చట్టంలోని ఆరో సెక్షన్ ఏమంటుందంటే, కట్నం వేరేవాళ్లు పుచ్చుకుంటే దాన్ని గడువులోగా ఆ స్త్రీకి అప్పగించాలి, అప్పగించేదాకా ఆమె తరఫున ట్రస్టుగా ఉంచాలి. మనలో ఎవరి కట్నమైనా అలా ట్రస్టులో ఉందా? "ఆడపిల్లకి కట్నం ఇచ్చేశాం, ఇంక ఆస్తిలో వాటా ఏమిటి?" అని పుట్టింటివాళ్లు అంటారు. "మా ఇంటికొచ్చిన సొమ్ము" అని అత్తింటివాళ్లు అంటారు. ఆమె మాత్రం రెండు పద్దు పుస్తకాల్లోనూ ఖర్చు కిందే కనిపిస్తుంది.

సంపాదన సంగతికి వద్దాం. 1874లో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం వచ్చింది. పెళ్లయిన స్త్రీ తన పనితో, వృత్తితో, కళతో సంపాదించింది ఆమె సొంత ఆస్తి అని చెప్పింది. కాత్యాయనుడి గీతని చెరిపేసిన మాట అది. అయితే ఆ మాట హిందూ, ముస్లిం, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకి వర్తించదని ఆ చట్టమే మినహాయించింది. అంటే ఈ దేశపు స్త్రీలలో అత్యధికులకి కాదన్నమాట. ఆ చట్టంలో ఒక్క ముక్క మాత్రం మనదాకా వచ్చింది. భర్త తన జీవితబీమాని భార్యాపిల్లల పేరున ఆ చట్టం కింద చేయిస్తే ఆ సొమ్ము వాళ్ల ట్రస్టు, అతని అప్పులవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు. ఇది హిందువులకి వర్తిస్తుందా అన్న ప్రశ్నకి మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి అవునంది. 1923లో సవరణ చేసినప్పుడు కూడా మద్రాసుకి 1913 డిసెంబర్ 31 తర్వాతి పాలసీలనీ, మిగతా దేశానికి 1923 ఏప్రిల్ 1 తర్వాతి వాటినీ లెక్కలోకి తీసుకున్నారు. భర్త చనిపోయాక వచ్చే సొమ్ముకి ఇంత జాగ్రత్త పడిన చట్టం, ఆమె బతికుండగా సంపాదించే సొమ్ముకి ఆ రక్షణ ఇవ్వలేదు.

1937 చట్టం హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇచ్చింది. అదీ పరిమిత హక్కే. వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు చెప్పడంతో, మద్రాసు ప్రెసిడెన్సీలో పొలానికి వర్తించాలంటే 1947లో మరో చట్టం చేయాల్సి వచ్చింది. ఊళ్లో పొలమే ఆస్తి అయినప్పుడు పొలం లేని ఆస్తిహక్కు ఎవరికి అన్నం పెడుతుంది?

ఈ దశలోనే మన నెల్లూరు నుంచి ఒక స్త్రీ కోర్టు మెట్లెక్కింది. ఆమె పేరు వి. తులశమ్మ. భర్త 1931లో ఉమ్మడి కుటుంబంలో ఉండగానే చనిపోయాడు. ఆస్తి అతని సవతి సోదరుడి చేతిలో ఉంది. 1944లో ఆమె నెల్లూరు జిల్లా మున్సిఫ్ కోర్టులో మనోవర్తి కోసం దావా వేసింది. కోర్టు ఫీజు కట్టలేని పేదరాలిగా వేసింది. ఆస్తిపాస్తులున్న ఇంటి కోడలు పేదరాలిగా అర్జీ పెట్టుకోవడం! ఉమ్మడి కుటుంబం అన్న మాటలోని 'ఉమ్మడి' ఎవరెవరికి ఉమ్మడో ఈ ఒక్క కాగితం చెప్తుంది. 1949లో రాజీ కుదిరింది. మనోవర్తి కింద కొంత ఆస్తి ఇస్తారు, బతికినంతకాలం అనుభవించాలి, అమ్మకూడదు. ఆమె 1960లో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. అమ్మే హక్కు నీకెక్కడిదని మరిది కోర్టుకెళ్లాడు. ఈలోగా 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆమె పూర్తి యజమానురాలని దాని 14వ సెక్షన్ చెప్పింది. షరతులు పెట్టి ఇచ్చిన ఆస్తికి ఇది వర్తించదని అదే సెక్షన్ రెండో భాగం చెప్పింది. ఆమె ఆస్తి ఏ భాగం కిందకి వస్తుంది? హైకోర్టు ఆమెకి వ్యతిరేకంగా చెప్పింది. 1977 మార్చి 17న సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. మనోవర్తి ఎవరో దానం చేసింది కాదు, ఆమెకి ముందునుంచీ ఉన్న హక్కు. దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి ఆమె సొంతమే అంది.

దావా వేసిన నాటినుంచి 33 ఏళ్లు. దేశంలో ఎందరో వితంతువుల పొలాలు ఈ తీర్పు వల్ల నిలబడ్డాయి. లా పుస్తకాల్లో ఇది 'తులశమ్మ కేసు'. మన స్త్రీల చరిత్ర పుస్తకాల్లో ఆమె పేరు నాకు దొరకలేదు. ఉద్యమంలో నగలు ఒలిచి ఇచ్చిన స్త్రీలని గుర్తుపెట్టుకున్నాం, మంచిదే. తన తిండి కోసం తను కొట్లాడిన స్త్రీని కూడా గుర్తుపెట్టుకోవాలి కదా. ఆ వాదన కూడా పూర్తిగా ముగియలేదు. ఆ సెక్షన్ రెండు భాగాల మీదా పరస్పర విరుద్ధమైన తీర్పులు పేరుకుపోయాయి కాబట్టి పెద్ద బెంచి తేల్చాలని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది.

మన విషయంలో 1985 ఒక ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది మూడు జరిగాయి. మార్చిలో ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం ఆమె సొంతమనీ, అత్తింట్లో పెట్టినంత మాత్రాన ఉమ్మడి ఆస్తి అయిపోదనీ, తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరమనీ చెప్పింది. అక్టోబర్ 2 నుంచి పెళ్లి కానుకల జాబితా నియమాలు అమల్లోకి వచ్చాయి. పెళ్లికి వచ్చిన కానుకలన్నీ, ఎవరిచ్చారో, సుమారు విలువెంతో కాగితం మీద రాసి సంతకాలు పెట్టాలి. పద్దు రాయమని ప్రభుత్వమే చెప్పిందన్నమాట. మన ఇళ్లలో చదివింపుల పుస్తకం ఉంటుంది. ఎవరు 116 చదివించారో, ఎవరు స్టీలు బిందె ఇచ్చారో పొల్లుపోకుండా రాస్తారు, తిరిగి పెట్టాలి కాబట్టి. పిల్లకి పెట్టిన బంగారం తూకం మాత్రం ఎవరూ రాయరు. అలా రాయడం అపశకునం! పెళ్లినాడే విడిపోవడం గురించి ఆలోచిస్తామా అంటారు.

మూడోది, ఆంధ్రప్రదేశ్ సవరణ. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన ఈ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. దేశంలో ఇలా చేసిన మొదటి రాష్ట్రం మనదే. మన తరం గర్వంగా చెప్పుకున్న చట్టం. కానీ అందులో ఒక మినహాయింపు ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకి ఇది వర్తించదు. నాకు ఇరవై ఏళ్ల క్రితం ఈ మినహాయింపు చదివినప్పుడు మా బంధువుల ఇళ్లలో అక్కచెల్లెళ్లందరి పెళ్లి సంవత్సరాలూ కళ్లముందు తిరిగాయి. ఒకే తల్లి కడుపున పుట్టి, పొలంలో ఒకే గట్టు మీద పెరిగి, అక్క పెళ్లి 1984 మాఘమాసంలో, చెల్లి పెళ్లి 1986 వైశాఖంలో. చెల్లి వారసురాలు, అక్క ఇంటికొచ్చిన చుట్టం. కొడుకు హక్కుకి పుట్టినతేదీ చాలు. కూతురి హక్కుకి పెళ్లిపత్రిక చూడాలి.

ఆ మినహాయింపు వెనక ఉన్న ఆలోచన పాతదే. పెళ్లయిన పిల్లకి ఇవ్వాల్సింది ఇచ్చేశాం, ఆమె ఆ ఇంటి మనిషి. 2005 సెప్టెంబర్ 9 నాటి కేంద్ర సవరణ పెళ్లయినా కాకున్నా కూతురు కూతురే అంది. ఆ తేదీకి తండ్రి బతికుండాలా వద్దా అన్న తగాదా మరో పదిహేనేళ్లు నడిచి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో అక్కర్లేదని తేలింది. కానీ 2004 డిసెంబర్ 20 లోపు చట్టబద్ధంగా జరిగిన పంపకాలు తిరగదోడడానికి లేదు. మా బంధువుల్లోని అక్కల తరం చాలా మట్టుకు ఆ కాలంలోనే కొట్టుకుపోయింది.

ఇంతవరకూ చెప్పిందంతా ఆస్తి ఉన్న కులాల కథ అని నాకు తెలుసు. పొలమే లేని ఇళ్లలో స్త్రీధనం మీద తీర్పులెందుకు? అక్కడ ప్రశ్న కూలి. నాట్లకీ కలుపుకీ వెళ్లే దళిత, బహుజన స్త్రీలు ఎప్పుడూ సంపాదిస్తూనే ఉన్నారు. "ఆడవాళ్లు ఉద్యోగాలకి రావాలి" అని మధ్యతరగతి స్త్రీవాదం అడగకముందే వాళ్లు పనిలో ఉన్నారు. సంపాదన చేతికొస్తే స్వేచ్ఛ దానంతటదే వస్తుందనుకునేవాళ్లకి వాళ్ల అనుభవమే జవాబు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటాన్ని మనం నైతిక పోరాటంగానే ఎక్కువ చదివాం. నాకది ఇంటి పద్దు కోసం జరిగిన పోరాటంగా కూడా కనిపిస్తుంది. తమ కూలీ, మొగుడి కూలీ కలిపి సాయంత్రానికి సారా దుకాణానికి చేరుతుంటే, ఆ డబ్బు ఏమవ్వాలో మేం చెప్తామన్నారు ఆ స్త్రీలు. సారా ఆగిన ఊళ్లలోనే రోజుకో రూపాయి చొప్పున పొదుపు సంఘాలు మొదలవడం ఆ పోరాటానికి కొనసాగింపే. తర్వాత ఆ సంఘాలే అప్పులకి దారయ్యాయి. అప్పు పత్రం మీద వేలిముద్ర ఆమెది, వాయిదా కట్టే బాధ్యత ఆమెది, ఆ డబ్బు వాడింది చాలా ఇళ్లలో మరొకరు. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్లని అదుపుచేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సిన పరిస్థితి వచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం కూడా వంద రోజుల పనిని మనిషికి కాక కుటుంబానికి లెక్కగట్టింది. ఆస్తి ఉన్నా లేకున్నా, పద్దు దగ్గరికి వచ్చేసరికి స్త్రీ కుటుంబం అన్న మాటలో కలిసిపోతుంది.

ఉద్యోగం చేసే మనలాంటి వాళ్లం కాత్యాయనుడిని దాటి వచ్చామనుకుంటాం. 2009లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చూడండి. భర్త పోగానే అత్తింటివాళ్లు ఆమెని వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు. ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది, 1996లో వీలునామా రాయకుండా చనిపోయింది. ఆ డబ్బు ఎవరికి? 1956 చట్టం 15వ సెక్షన్ ప్రకారం పిల్లలూ భర్తా లేని స్త్రీ సొంత సంపాదన ముందు భర్త వారసులకి వెళ్తుంది. ఆమెని గెంటేసినవాళ్లకే ఇచ్చింది కోర్టు. సానుభూతి చట్టం కాలేదంది. పుట్టింటినుంచి వారసత్వంగా వచ్చింది అయితే పుట్టింటికి తిరిగి వెళ్లేది. తనకి వచ్చింది ఒక దారి, తను సంపాదించింది భర్త దారి. కాత్యాయనుడి గీత ఎక్కడికీ పోలేదు.

ఇటు పుట్టింటివాళ్లకీ ఆమె సొమ్ము మీద అధికారం లేదని 2024లో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికాలో విడాకులు తీసుకుని మళ్లీ పెళ్లి చేసుకున్న కూతురి నగలు ఇవ్వడం లేదని తండ్రి పాత వియ్యంకుల మీద కేసు పెట్టాడు. కూతురు నీకు ఆ అధికారం ఇచ్చిందా అని కోర్టు అడిగింది. స్త్రీధనం ఆమెది మాత్రమే, అడగాల్సింది ఆమె అంది. తండ్రి బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ ప్రశ్న సరైందే. మన బంగారం గురించి మనల్ని తప్ప అందరినీ అడిగే అలవాటుకి అది అడ్డుకట్ట.

ఇంటిచాకిరీ మాటేమిటి? దానికి కోర్టుల్లో లెక్క కట్టింది ముఖ్యంగా ఆమె రోడ్డు ప్రమాదంలో పోయాకే. 1994లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన పట్టికలో, సంపాదన లేని భార్య విలువని బతికున్న భర్త సంపాదనలో మూడోవంతుగా వేశారు. ఇల్లు చూసుకునే స్త్రీలని 2001 జనాభా లెక్కల్లో యాచకులతో, ఖైదీలతో కలిపి పనిచేయనివాళ్లుగా చూపించారని 2010లో సుప్రీంకోర్టే ఎత్తి చూపింది. బతికుండగా ఆ చాకిరీకి వాటా ఇచ్చే చట్టం దేశంలో గోవాకి బయట దాదాపు లేదు. అక్కడ పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ వల్ల, వేరే ఒప్పందం లేకపోతే, దంపతుల ఆస్తి ఇద్దరిదీ. అలాంటి చట్టం లేకపోయినా 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఒక అడుగు వేశారు. భర్త గల్ఫ్‌లో సంపాదిస్తే ఇక్కడ ఇల్లూ పిల్లల్నీ నడిపిన భార్య ఆ సంపాదనలో భాగస్వామేనని, దాంతో కొన్న ఆస్తిలో ఆమెకి సగం ఉందని చెప్పారు. కడప నుంచీ, కోనసీమ నుంచీ, కరీంనగర్ నుంచీ మగవాళ్లని గల్ఫ్‌కి పంపిన మన ఊళ్ల స్త్రీలకి ఈ తీర్పులో తమ కథే కనిపిస్తుంది.

పెళ్లిని డబ్బుతో కొలుస్తున్నానని కొందరికి అనిపించవచ్చు. కొలిచింది నేను కాదు. ఈ రెండు వేల ఏళ్లూ స్మృతికర్తలూ, జడ్జీలూ, మామగార్లూ కొలుస్తూనే ఉన్నారు. ప్రేమ ఉన్నచోట లెక్కలెందుకు అన్న మాట ఆడవాళ్లతోనే ఎందుకంటారో చూడండి. అన్నదమ్ములు గట్టు మీద మూరెడు నేల కోసం సర్వేయర్‌ని పిలిస్తే ప్రేమ తక్కువైందని ఎవరూ అనరు.

చట్టం మారాలని అడగడం మానక్కర్లేదు. 15వ సెక్షన్ మారాలి, పెళ్లి తర్వాత సమకూరిన ఆస్తిలో ఇద్దరికీ వాటా ఉండాలి. అవి వచ్చేలోగా మన చేతిలో ఉన్నవి చిన్నవే. నగల తూకం రాసిన కాగితం. సొంత ఖాతా, దాని పాస్‌వర్డ్ తన దగ్గరే. ఇంటి అప్పు వాయిదాలో తన జీతం ఎంత వెళ్తోందో చూపే రశీదులు, ఆ దస్తావేజు మీద తన పేరు. రెండు సాక్షి సంతకాలతో ఒక వీలునామా. మన కథల్లోనూ కవిత్వంలోనూ దేహం గురించి, వంటిల్లు గురించి నిర్భయంగా రాశాం. బ్యాంకు పాసుబుక్కు గురించి ఇంకా రాయలేదు. స్త్రీల ఆత్మకథలు చదువుతున్నప్పుడు నేను ఇప్పుడు వెతికేది అదే. ఆమె జీతం ఎంత, మొదటి నెల జీతం ఎవరి చేతిలో పెట్టింది, ఆ తర్వాత అది ఏమైంది. చాలామంది రెండో ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. మూడో ప్రశ్నకి జవాబు రాయడం మొదలుపెట్టిన రోజు మన చరిత్రలో మరో అధ్యాయం ఉంటుంది.